ముందు సీట్లో ఇద్దరు

"ఆ ఫోను ముట్టుకోవద్దు అన్నయ్యా!"

మావయ్య చెయ్యి టేబుల్ మీద సగం దారిలో ఆగిపోయింది. మూడు రోజుల్లో అమ్మ గొంతెత్తి మాట్లాడిన మొదటి మాట అదే. వంటగదిలో టీ వడకడుతున్న గువ్వ చెయ్యి కూడా ఆగింది.

"కొరుక్కు తిననులేవే. ఐడీ ఎందుకు ఆపారో మెసేజిలో రాసి ఉంటుంది. చూస్తే కదా, ఎవడి చొక్కా పట్టుకోవాలో తెలిసేది!"

"ఎవడి చొక్కా పట్టుకోనక్కర్లేదు. ఆపితే ఆపారు."

"ఆపితే ఆపారా?" మావయ్య నాన్న వైపు తిరిగాడు. "విన్నావా బావా నీ పెళ్ళాం మాట! ఇరవయ్యేళ్ళ నుంచి స్టీరింగ్ తప్ప ఇంకోటి పట్టని మనిషివి. కంపెనీవాడు ఒక్క మెసేజితో నిన్ను కారు దింపేసి కుర్చీలో కూర్చోబెడితే, ఆపితే ఆపారట!"

నాన్న కిటికీ పక్కన కుర్చీలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

గువ్వకి అర్థం కానిది అదే. ఒకసారి ఎవరో ప్రయాణికుడు మూడు నక్షత్రాలే ఇచ్చాడని రెండు రోజులు అన్నం సహించని మనిషి. సందు మలుపులో బండి అడ్డంగా పెట్టినవాడితో గంటసేపు వాదించగల మనిషి. ఇప్పుడు బతుకుతెరువే ఆగిపోతే కుక్కిన పేనులా ఉన్నాడు. పొద్దున లేచి కిందికి వెళ్ళి కారు తుడవడం, మళ్ళీ పైకి రావడం, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి తుడవడం. మూడు రోజుల్లో ఆ కారు అద్దంలా తయారైంది. అది ఎక్కడికీ కదలలేదు మరి.

మావయ్య ఊరుకునే రకం కాదు. అమ్మకి అన్నయ్య, పైగా నాన్నలాగే అదే క్యాబ్ యాప్‌లో డ్రైవరు. నాలుగు పాయింట్ తొమ్మిది రేటింగని, అడిగినా అడక్కపోయినా, ఇంటిపేరు చెప్పుకున్నంత గర్వంగా చెప్పుకుంటాడు. గువ్వ తెచ్చిన టీ కప్పు అందుకోవడానికి అమ్మ వెనక్కి తిరిగేసరికి ఫోను అతని చేతిలో ఉంది.

"ఇదిగో. 'ఖాతాదారు కాని వ్యక్తి మీ వాహనం నడిపినట్టు మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు కెమెరాలో గుర్తించాం. మీ ఐడీ నిలిపివేశాం. అభ్యంతరం ఉంటే ఏడు రోజుల్లో తెలపవచ్చు.'" అతను తలెత్తాడు. "నువ్వు కాక ఇంకెవరో నడిపారట! కారు ఎవరికైనా ఇచ్చావా బావా?"

"లేదు."

"మరి?"

"పొరపాటు పడి ఉంటారు."

"పొరపాటైతే అభ్యంతరం పెట్టవేం?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ టీ కప్పు వైపు చూసింది.

రెండు గంటల నలభై. ఆ మాట గువ్వ చెవిలో ఇసుకరేణువులా పడింది. మంగళవారం. మధ్యాహ్నం.

"గువ్వా," మావయ్య పిలిచాడు. "నువ్వు కంప్యూటర్ల దగ్గరే కదా పనిచేసేది? నువ్వు చెప్పు. ఈ కార్లలో కెమెరాలు పెట్టారు కదా, వాటిని చూసేది మనుషులా, మిషన్లా?"

"నాకేం తెలుసు మావయ్యా? మాది బిల్లులు టైపు చేసే ఆఫీసు."

"మనుషులే అయితే వాళ్ళ చేతులు పడిపోనూ!"

"ఎందుకన్నయ్యా ఆ శాపాలు?" అంది అమ్మ విసుగ్గా. "ఎవరి కడుపు కోసం వాళ్ళు చేస్తారు. వాళ్ళకీ ఇల్లూ వాకిలీ ఉండవూ?"

గువ్వ తల వంచుకుని ఖాళీ పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఏడు నెలల క్రితం ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక్కడ ఏం చేస్తున్నావో ఇంట్లో కూడా చెప్పకూడదు. చెబితే ఆ రోజే ఆఖరి రోజు.

ఆమె పని చూడటం. కార్ల లోపలి కెమెరాలు తీసిన ముక్కలు, ఒక్కొక్కటి నలభై సెకన్లది, తెర మీదికి వస్తాయి. ముఖాలు చెరిపేసి ఉంటాయి. గొంతులు మార్చేసి ఉంటాయి, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు. ముక్క అయిపోగానే కింద ఒక గీత కరగడం మొదలుపెడుతుంది. అది కరిగేలోగా రెండు మీటల్లో ఒకటి నొక్కాలి. ఆకుపచ్చ అంటే తప్పు లేదు. ఎరుపు అంటే ఉంది. ఎరుపు తరవాత ఆ డ్రైవరు ఏమవుతాడన్నది ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

మంగళవారం నాటి ముక్కని ఆమె మరిచిపోలేదు, ఎందుకంటే అది చూసి నవ్వొచ్చింది. స్టీరింగ్ ముందు టోపీ పెట్టుకున్న చిన్న మనిషి. పక్క సీట్లో భారీ మనిషి. వెనక ఎవరో ప్రయాణికురాలు. ఆ భారీ మనిషి చెయ్యి ఊరుకోకుండా ఇటు, అటు, ఇటు అని చూపిస్తూనే ఉంది. 'డ్రైవింగ్ స్కూలు పెట్టారా ఏంటి?' అనుకుంది. ముక్క తీసిన టైము, ఖాతాదారు పొడవు, బరువు తెర పక్కన రాసి ఉన్నాయి. స్టీరింగ్ ముందున్న మనిషి అందులో మూడొంతులు కూడా లేడు.

ఎరుపు నొక్కింది. తరవాతి ముక్క వచ్చింది.

'అలాంటివి రోజుకి వంద వస్తాయి,' అనుకుంది గువ్వ వంటగదిలో నిలబడి. 'ఆ టైముకి ఎన్ని కార్లు తిరుగుతుంటాయి! అది నాన్న కారే ఎందుకవ్వాలి?'

ఇంతలో మావయ్య గొంతు వినిపించింది. "అభ్యంతరం పెట్టేశాను బావా! నీ పేరు మీద నేనే నొక్కేశాను. అనవసరంగా ఇద్దరూ భయపడి చస్తున్నారు."

"నిన్నెవరు నొక్కమన్నారు?" అంది అమ్మ. "చేసేముందు అడగవా?"

"అడిగితే వద్దంటావుగా!"

తలుపు ధడాలున పడిన చప్పుడు. అమ్మ మేడ మీదికి వెళ్ళిపోయింది. గువ్వ కూడా వెనకే వెళ్ళింది, ఆఫీసుకి వెళ్ళేలోగా ఆరిన బట్టలు తీసే వంకతో.

తాడు మీద నాన్న యూనిఫాం చొక్కాలు రెండు ఆరుతున్నాయి. లేత నీలం రంగు. ఒకటి తీసి మడతపెట్టింది. రెండోది మడతపెడుతుంటే చొక్కా చేతులు కుదరలేదు. భుజం దగ్గర లోపలికి తిప్పి కుట్టేసి ఉంది. చేతులు జానెడు కురచ. కుట్టు అమ్మదే, సందేహం లేదు. ప్రతి నాలుగు కుట్లకీ ఒక ముడి వేస్తుంది అమ్మ.

"ఈ చొక్కా ఎవరిదమ్మా?"

"మీ నాన్నది. ఉతికితే ముడుచుకుపోయింది."

"ముడుచుకుపోతే కుట్లు కూడా అవే పడతాయా?"

అమ్మ ఆ చొక్కా ఆమె చేతిలోంచి లాక్కుంది. మడతపెట్టలేదు. ఉండలా చుట్టి చంకలో పెట్టుకుంది.

"నీకు ఆఫీసుకి టైమవుతోంది," అంది.

గువ్వ కదల్లేదు. అమ్మకి కారు నడపడం వచ్చని ఆమెకి తెలుసు. పెళ్ళికి ముందు మావయ్య దగ్గర నేర్చుకుందట. కానీ నాన్న కారు అమ్మ ఎందుకు నడపాలి? అదీ ప్రయాణికురాలిని ఎక్కించుకుని, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని? నాన్నకి బద్ధకమా? అమ్మకి సరదానా? ఇంత వయసొచ్చాక చొక్కా తొడుక్కుని టోపీ పెట్టుకుని దొంగచాటుగా చేసే సరదానా?

అడగాలనుంది. అడిగితే, నీకెలా తెలుసంటారు.

గువ్వ మెట్లు దిగింది.

*

ఆఫీసు తలుపు దగ్గర ఫోను పెట్టెలో పెట్టి తాళం వేసి, గువ్వ తన సీట్లో కూర్చుంది. తెర పైన పెసరగింజంత కెమెరా వెలిగింది. కార్లలో వాళ్ళని ఈమె చూస్తుంది, ఈమెని అది చూస్తుంది. చూపు తెర మీంచి పక్కకి పోతే లెక్క పడుతుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని, ఈ కుర్చీలో కూర్చున్నాకే ఆమెకి తెలిసొచ్చింది.

అభ్యంతరం పెట్టిన ముక్కలు మొదట చూసినవాళ్ళకి మళ్ళీ రావు. ఇంకొకరికి వెళతాయి. ఆ హాల్లో అరవై మంది ఉన్నారు. ఎవరికి వెళుతుందో ఎవరికి తెలుసు? అసలు ఇక్కడికే వస్తుందో, ఇంకో ఊళ్ళో ఇంకో హాలుకి వెళుతుందో!

నాలుగు గంటలకి పక్కసీటమ్మాయి గొణుక్కోవడం వినిపించింది. ఆ పిల్ల చేరి నెలే అయింది. తొందరపడి తప్పులు నొక్కుతుందని ఇప్పటికే రెండుసార్లు మందలించారు.

"ఇదేంటి, ముందు సీట్లో ఇద్దరూ ఊగిపోతున్నారు... అసలు నడిపేది ఎవరు?"

గువ్వ చూపు పక్కకి వెళ్ళింది. వెళ్ళకూడదని తెలుసు. వెళ్ళింది.

టోపీ. భారీ మనిషి. ఇటు, అటు చూపిస్తున్న చెయ్యి.

ఈసారి ఆ చెయ్యి ఆమెకి తెలిసింది. చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర, 'అటు చూసి, ఇటు చూసి దాటు' అని చూపించిన చెయ్యి. చూపుడువేలు ఒక్కటే కాదు, నాలుగు వేళ్ళూ కలిపి చూపిస్తాడు నాన్న. టోపీ కింద మెడ దగ్గర జుట్టు ముడి బయటికి వచ్చి ఉంది. కన్నతల్లి మెడ! దాన్ని చూసి నవ్వుకుంది తను.

ఆమె తెర మీద ఎర్ర అక్షరాలు మెరిశాయి. 'మీ తెర వైపు చూడండి.'

పక్కన గీత కరిగిపోతోంది. "అక్కా, ఏం నొక్కాలి? అక్కా..." ఆ పిల్ల గొంతు ఏడుపులోకి జారింది.

గువ్వకి ఆలోచించే వ్యవధి లేదు. నాన్న మూడు రోజులుగా తుడుస్తున్న కారు కళ్ళ ముందు మెదిలింది. పెదవులు కదలకుండా ఒక్క మాట అంది.

"ఆకుపచ్చ."

టక్కుమని మీట చప్పుడు. అయిపోయింది.

పావుగంట కూడా కాలేదు, టీమ్ లీడరు పిలిచాడు. ఆయన గది అద్దాల గది. లోపల్నుంచి హాలంతా కనిపిస్తుంది. ఆయన కోపిష్టి కాదు. అదే భయం. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడతాడు.

"కూర్చోమ్మా. నాలుగు గంటల ఆరు నిమిషాలకి నీ చూపు పక్కకి పోయింది. తొమ్మిది సెకన్లు."

"మెడ పట్టేసింది సార్."

"సరే. మెడ పట్టేస్తే నోరెందుకు తెరుచుకుంది?" ఆయన ఏదో నొక్కాడు. స్పీకర్లోంచి ఆమె గొంతే వచ్చింది. 'ఆకుపచ్చ.' మార్చని గొంతు. తన గొంతు తనకే పరాయిదానిలా ఉంది.

"అదీ... ఆ అమ్మాయి స్వెట్టర్ గురించి అన్నాను సార్."

ఆయన అద్దంలోంచి హాల్లోకి చూశాడు. "ఆ అమ్మాయి స్వెట్టర్ ఎర్రది."

"అవును సార్. ఎరుపు నీకు నప్పలేదు, ఆకుపచ్చది కొనుక్కో అన్నాను."

"ఒక్క మాటలో ఇదంతా అన్నావా!" ఆయన నవ్వాడు. ఆ నవ్వు నమ్మిన నవ్వో, నమ్మని నవ్వో ఆమెకి తెలియలేదు. "సరే. రేపు పొద్దున ఇద్దరూ కలిసి రండి. ఆ ముక్క ముగ్గురం కూర్చుని చూద్దాం."

ఆమె తలుపు దాకా వెళ్ళాక మళ్ళీ అడిగాడు.

"అమ్మా, మీ ఇంట్లో డ్రైవర్లు ఎవరూ లేరు కదా? చేరేటప్పుడు రాసిన కాగితంలో లేరనే రాశావు."

చేరేరోజు ఉద్యోగం ఎక్కడ పోతుందోనని అలా రాసింది. "లేరు సార్," అంది ఇప్పుడు కూడా.

*

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. మెట్ల మీదికే మావయ్య నవ్వు వినిపిస్తోంది.

"వచ్చావా! చూశావా మీ మావయ్య దెబ్బ! ఐడీ తెరిచేశారు. ఒక్క రోజులో! నాలుగు పాయింట్ తొమ్మిదివాడు పెట్టిన అభ్యంతరమా, మజాకానా!"

నాన్న నిలబడి ఉన్నాడు. కురచ చొక్కా కాదు, పెద్దదే తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ముఖంలో మూడు రోజులుగా లేని కళ. గువ్వకి గుండె నిండింది. ఇందుకోసం రేపు ఉద్యోగం పోతే పోనీ అనిపించింది ఆ క్షణాన.

అమ్మ మాత్రం తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది.

"అన్నయ్యా, మిగతాది కూడా చదువు," అంది.

"ఆ, అదేం లేదులే. 'ముప్పై రోజులు ప్రత్యేక పర్యవేక్షణ. ప్రయాణం పొడుగునా ఖాతాదారు ముఖం కెమెరాకి ఎదురుగా ఉండాలి. తల రెండు సెకన్లకి మించి పక్కకి తిరిగినా, ముందు సీట్లో మరొకరు కూర్చున్నా ఐడీ శాశ్వతంగా రద్దు. రెండు గంటల్లోగా మొదటి రైడు తీసుకోకపోతే ఈ అవకాశం ముగుస్తుంది.' అంతే కదా! తల నిటారుగా పెట్టుకుని తోలుకోవడమే."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట." అమ్మ అక్కడే గుమ్మం మీద కూలబడింది. "ఏ పుణ్యాత్ముడు తెరిచాడో గానీ, ఆపినవాడే నయం."

"అమ్మా! ఏం మాటలవి?" గువ్వ గొంతు పెరిగింది. "ఐడీ వచ్చిందని నాన్న సంతోషంగా ఉంటే..."

"చెప్పండి," అంది అమ్మ, నాన్నని చూసి. "మీరు చెబుతారా, నేను చెప్పనా?"

"ఏమీ లేదు చెప్పడానికి." నాన్న తాళాల కోసం టేబుల్ మీద చెయ్యి పెట్టి తడిమాడు. తాళాలు టేబుల్ అంచున, ఆయన చేతికి పక్కనే ఉన్నాయి. తల పూర్తిగా అటు తిప్పితే గానీ ఆయనకి దొరకలేదు.

అది మావయ్య చూశాడు. గువ్వ చూసింది.

"బావా?" అన్నాడు మావయ్య.

"ఎదురుగా ఉంటే సూదిబెజ్జం కూడా కనిపిస్తుంది నాకు," అన్నాడు నాన్న మొండిగా. "పక్కలే కొంచెం..."

"కొంచెం కాదు. పక్కలు పోయాయి." అమ్మ ఇంక ఆగలేదు. "ఎనిమిది నెలలైంది. పోయిన చూపు రాదన్నాడు డాక్టరు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు ఇచ్చాడు. పక్కనున్న పెళ్ళాం కనపడదు ఈయనకి."

"అది ఏ మొగుడికి కనపడుతుందిలే..." అనబోయాడు మావయ్య అలవాటుగా. ఎవరూ నవ్వలేదు. అతని నవ్వు కూడా సగంలో చచ్చిపోయింది.

"మానెయ్యమన్నాను. వినలేదు. నా పేరు మీద ఐడీ ఇవ్వమని కంపెనీకి పెట్టుకుంటే, ఆరు నెలల నుంచి 'పరిశీలనలో ఉంది' అనే మాటే. అందుకని పెట్రోలు బంకు వెనక సందులో నేను సీటు మారేదాన్ని. కంపెనీ ముఖం చూపించమన్నప్పుడల్లా ఫోను ఈయన వైపు తిప్పేదాన్ని. దారులన్నీ ఈయనకి తెలుసు, నాకు తెలియవు. పక్కలు నేను చూస్తాను, ఈయన చూడలేరు. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు." అమ్మ కొంగు లేని భుజాన్ని చేత్తో రుద్దుకుంది, అక్కడ నొప్పి ఉన్నట్టు. "తప్పని తెలుసు. కానీ ఒక్కరోజు, ఒక్కరికి చిన్న గీత పడనివ్వలేదు."

గువ్వకి ఆ ముక్క గుర్తొచ్చింది. ఇటు, అటు, ఇటు అని చూపించిన చెయ్యి. డ్రైవింగ్ స్కూలు అనుకుంది తను. ఎరుపు నొక్కినప్పుడు తప్పు చేసిందా? ఆకుపచ్చ అన్నప్పుడు చేసిందా? మొదటిది నాన్నని ఇంట్లో కూర్చోబెట్టింది. రెండోది ఆయన్ని ఒంటరిగా, తల తిప్పకుండా, రోడ్డు మీదికి పంపబోతోంది. రెండూ తన నోటితో, తన వేలితో చేసినవే. ఏది మంచిదో ఆమెకి తెలియడం లేదు.

"నేను గుడ్డివాణ్ణి కాను," అన్నాడు నాన్న. "తల తిప్పుకుంటూ నడుపుతాను. ఇన్నేళ్ళ రోడ్డు. కళ్ళు మూసుకుని చెప్పగలను."

"తల తిప్పకూడదనే కదా వాళ్ళనేది!" అరిచింది అమ్మ.

"అయితే ఏం చెయ్యమంటావ్? ఈ కుర్చీలోనే చావమంటావా?"

ఆయన అమ్మని దాటుకుని మెట్లు దిగిపోయాడు, గోడకి చెయ్యి ఆనించుకుంటూ. మావయ్య, "బావా, ఒక్క మాట... బావా!" అంటూ వెనకే పరిగెత్తాడు.

గువ్వ అమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మా. ఆపింది నేనే."

అమ్మకి ఎక్కలేదు. "ఏంటి?"

"మాది బిల్లుల ఆఫీసు కాదు. కార్లలో కెమెరాలు చూసేది మేమే. మంగళవారం మీ ఇద్దర్నీ చూసి ఎరుపు నొక్కింది నేనే. ఇవాళ తెరిపించింది కూడా నేనే. రేపు పొద్దున టీమ్ లీడరు ముందు నిలబడాలి."

అమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కొడుతుందేమో అనుకుంది గువ్వ. కొడితే బావుండుననుకుంది.

"మమ్మల్ని చూశావా?" అంది అమ్మ.

"చూశాను. గుర్తుపట్టలేదు."

"ఏం చేస్తావులే. ఏడు నెలలు ఒకే ఇంట్లో ఉండి, నువ్వేం చేస్తున్నావో మేమూ కనుక్కోలేదుగా."

అది క్షమించడమో, దెప్పడమో గువ్వకి తెలియలేదు. అడిగేలోగా కింద ఇంజను చప్పుడైంది. అమ్మ చెప్పుల్లేకుండానే కిందికి పరిగెత్తింది, వెనకే గువ్వ.

వీధిలో సాయంత్రం రద్దీ. కూరల సంచులు తగిలించుకున్న సైకిళ్ళు, స్కూటర్లు, ఇళ్ళకి తిరిగొస్తున్న జనం. కారు రోడ్డు అంచున మెరుస్తూ నిలబడి ఉంది. నాన్న స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, బొమ్మలో మనిషిలా నిటారుగా. ఎదురుగా కెమెరా దీపం వెలిగింది. 'ముఖం సరిగా ఉంది. ధన్యవాదాలు,' అంది అందులోంచి ఆడగొంతు.

"బావా, దిగు. నా మాట విను. నేను వెనకే నా కారులో వస్తాను, కాస్త ఆగు!" మావయ్య కిటికీలోంచి బతిమాలుతున్నాడు. తన కారు వీధి చివర ఉంది. ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు వేస్తున్నాడు.

రైడు మోగింది. పదిహేను సెకన్ల లెక్క మొదలైంది. నాన్న వేలు జాగ్రత్తగా తెర మీదికి వెళ్ళి నొక్కింది. ఆ నొక్కడంలో మూడు రోజుల ఆకలి ఉంది.

అమ్మ రోడ్డువైపు దిగి, ముందు చక్రం పక్కన, ఆయన చూపు అందని చోట, పక్క అద్దానికి జానెడు దూరంలో నిలబడింది. వెనక వస్తున్న స్కూటరువాడు ఆమెని తప్పించుకుని హారను కొడుతూ పోయాడు. ఆ హారను ఎవరికోసమో నాన్నకి తెలియలేదు.

నాన్న ఆ అద్దంలో చూడటానికి తల తిప్పబోయాడు. కెమెరా 'టింగ్' మంది. వెంటనే ముఖం ముందుకి తిప్పేసుకున్నాడు. చేతులు స్టీరింగ్ మీద బిగిశాయి.

"గువ్వా!" పిలిచాడు, ముందు అద్దంలోంచి సూటిగా చూస్తూ. "అక్కడున్నావా?"

"ఉన్నాను నాన్నా."

"రోడ్డువైపు చూసి చెప్పమ్మా. ఎవరైనా ఉన్నారా?"

గువ్వ అమ్మ వైపు చూసింది. అమ్మ ఆమె వైపే చూస్తోంది. చెప్పమని లేదు, వద్దని లేదు ఆ చూపులో. ఇంజను గుర్రుమంటోంది. ఆ కెమెరాకి చెవులు కూడా ఉన్నాయని అక్కడున్నవాళ్ళలో తెలిసింది గువ్వకి ఒక్కదానికే. ఇప్పుడు తను ఏం మాట్లాడినా, రేపు ఇంకెవరో, ఇంకో హాల్లో, నలభై సెకన్ల పాటు వింటారు.

"ఉన్నారు," అంది.

"ఎవరు?" అడిగాడు నాన్న, తల తిప్పకుండా.